కోసేసిన రెండు కాలాలు

"మిగతా రెండు కాలమ్‌లూ ఏవి, బావా?"

గురునాథరావు చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. మూడో బొత్తం దగ్గర వేళ్ళు ఆగాయి.

"ఏ కాలమ్‌లు?"

"నావే. ఏడో టేబులు. ఒక డిగ్రీ వేడెక్కితే ఏటవుద్ది, రెండు డిగ్రీలకి ఏటవుద్ది, మూడు డిగ్రీలకి ఏటవుద్ది. ఇందులో ఒకటే ఉంది."

అతని సంచీలో టిఫిను క్యారేజీ సర్దబోతే గౌరీశ్వరి చేతికి ఆ రిపోర్టు తగిలింది. నిన్న సాయంత్రం నుంచీ అందులోనే ఉంది కాబోలు. నలభై పేజీల సైక్లోస్టైలు కాగితాలు, ఇంకా ఇంకు వాసన పోలేదు. అట్ట మీద 'తీర గృహవసతి సంఘం, ద్వారకా నగర్' అనీ, దాని కింద 'పరిశోధన: శ్రీమతి గౌరీశ్వరి, ఎం.ఎస్సీ.' అనీ ఉంది.

తన పేరు మొదటిసారి అట్ట మీద చూసుకున్న మనిషికి కలగవలసిన సంతోషం ఆమెకూ కలిగింది. పేజీలు తిప్పుతూ ఏడో టేబులు దాకా వచ్చేంతసేపూ ఉంది ఆ సంతోషం.

"స్టెన్సిల్లో పట్టలేదు," అన్నాడు గురునాథరావు.

"ఏటీ?"

"పట్టలేదే. స్టెన్సిల్ వెడల్పు ఎంతుంటాది? నీ మూడు కాలమ్‌లూ కొడితే అక్షరాలు అంచు దాటిపోతన్నాయి."

"మొన్న మీ ఆఫీసు సీనియారిటీ లిస్టు కొట్టేవు. పద్నాలుగు కాలమ్‌లు. కాగితం అడ్డంగా పెట్టి కొట్టేనని నువ్వే సెప్పేవు. మీ ఆఫీసులో ఎవుడు ముందు చేరేడో, ఎవుడు వెనక చేరేడో రాయడానికి పద్నాలుగు పట్టేయి. సముద్రానికి మూడు పట్టలేదా?"

గురునాథరావు మూడో బొత్తం పెట్టుకున్నాడు. నాలుగోదీ పెట్టుకున్నాడు. జవాబు దొరకని మగవాడికి బొత్తాలంత ఆసరా ఇంకొకటి లేదు.

"పైన పేరు కూడా సదువు," అంది గౌరీశ్వరి కాగితం అతని ముఖం ముందు పెట్టి. "'మూడు స్థాయిల ఉష్ణోగ్రత పెరుగుదలలో తీరంపై ప్రభావం.' మూడు స్థాయిలు అని పైన ఉంది. కింద ఒకటే ఉంది. అబద్ధం ఆడేటప్పుడు ఆ పేరైనా మార్చవలసింది కదా, బావా. టైపిస్టువి. నీకు ఆ మాత్రం తెల్దా?"

"సార్ సెప్పేరు."

"ఏ సారు?"

"ఎవరేటి? మీ సారే. భీమశంకరరావు గారు."

గౌరీశ్వరి తలుపు రెక్క పట్టుకుంది.

భీమశంకరరావు యూనివర్సిటీలో ఆమె గైడు. నాలుగేళ్ళుగా ఆమె రాసిన ప్రతి కాగితమూ ఆయన చేతి మీదుగానే వచ్చింది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో చెప్పే విదేశీ వ్యాసాలు ఓడల మీద ఆరేడు నెలలకు విశాఖపట్నం చేరితే, వాటిని మొదట ఆమె చేతిలో పెట్టింది ఆయనే. "ప్రపంచం సంగతి వాళ్ళు రాశారు, మన ఊరి సంగతి నువ్వు రాయమ్మా" అన్నదీ ఆయనే. ఆ మాట పట్టుకునే ఆమె ఫిషింగ్ హార్బర్ చుట్టూ, ఊళ్ళోంచి పారే గెడ్డ సముద్రంలో కలిసే చోటు చుట్టూ నాలుగేళ్ళు తిరిగింది. గురునాథరావు స్టెనోగా పనిచేసే గృహవసతి సంఘానికి సలహాదారు కూడా ఆయనే.

"ఆయన ఏటన్నారు? ఆయన అన్న మాట అన్నట్టు సెప్పు."

"'రెండో కాలమ్, మూడో కాలమ్ వద్దు. ఒకటి చాలు' అన్నారు."

"ఎవరికి చాలు?"

"నాకేటి తెల్సు? నాను స్టెనోని. ఆయన సెప్పేరు, నాను కొట్టేను."

వంటింట్లోంచి ఆదిలక్ష్మమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ గురునాథరావు తల్లి, గౌరీశ్వరికి మేనత్తా, అత్తగారూ. ఇద్దరి చెవులూ మెలిపెట్టగల హక్కు ఆ ఇంట్లో ఆవిడ ఒక్కదానికే ఉంది.

"ఏటే పొద్దున్నే? అల్లిపురం అంతా ఇనిపిత్తంది. ఏ కాలాలు కోసేసినాడు ఈడు?"

"ఏం లేదులే, అమ్మా," అన్నాడు గురునాథరావు.

"ఏం నేకపోతే అదెందుకు అలాగ నిలబడిపోయింది? ఉన్నవే మూడు కాలాలు కదేటి? ఎండాకాలం, వానాకాలం, సలికాలం. అందులో రెండు తీసీమని ఆఫీసోడు సెప్తే తీసేత్తాడేటి?"

ఇంకో రోజైతే ఇంటిల్లిపాదీ నవ్వి ఉండేవారు. గౌరీశ్వరికి నవ్వు రాలేదు.

"అవును, అత్తా. రెండు కాలాలు తీసేసేడు నీ కొడుకు. నాలుగేళ్ళు ఎండలో తిరిగి నాను లెక్కగట్టిన కాలాలు. ఇంకా రాని కాలాలు. ఇయ్యేళ నాలుగింటికి హార్బర్‌లో మీటింగు. అక్కడ చేపలోళ్ళ పేటలో వాళ్ళందర్నీ లేపి గెడ్డ పక్క పల్లంలో కట్టే ఇళ్ళలోకి పంపుతారు. ఈ కాగితం సదివి ఇనిపించి, మాకిష్టమేనని వేలిముద్రలు ఏయించుకుంటారు. ఒక డిగ్రీ వేడెక్కితే పెద్ద తుఫానుకి మాత్రం ఆ పల్లం తడుస్తాదని ఇందులో ఉంచేరు. రెండు డిగ్రీలకి వాళ్ళ బావులు ఉప్పు తేల్తాయని రాసేను, అది తీసేసేరు. మూడు డిగ్రీలకి ప్రతి పున్నమికీ, ప్రతి అమావాస్యకీ పోటు నీరు గుమ్మాల్లోకి వస్తాదని రాసేను, అదీ తీసేసేరు. అట్ట మీద నా పేరు మాత్రం ఉంచేరు."

ఆదిలక్ష్మమ్మకు డిగ్రీలు అర్థం కాలేదు. గుమ్మాల్లోకి నీళ్ళు రావడం అర్థమైంది.

"అయితే మళ్ళీ ఎట్టీరా," అంది కొడుకుతో. అంతకన్నా తేలికైన పని ప్రపంచంలో ఉండదన్నట్టు అంది.

"ఏటి ఎట్టీది? వంద కాపీలు తీసీసేం. అయినా నీకు తెల్దమ్మా. నన్ను పర్మనెంట్ చేసే ఫైలు ఆయన బల్ల మీద ఉంది. ఆరేళ్ళనుంచీ టెంపరరీని. ఆయన ఒక్క ముక్క రాత్తే అయిపోద్ది. రాయకపోతే రేపట్నుంచి రావద్దంతారు."

"అది నాకు మొన్నే సెప్పవలసింది," అంది గౌరీశ్వరి.

"సెప్తే ఏటి సేద్దువు?"

ఆ ప్రశ్నకు జవాబుంది. కానీ అది చెప్పడం మొదలుపెడితే ఈ ఇంట్లో ఇద్దరూ మళ్ళీ మామూలుగా మాట్లాడుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఆమెకు తెలియలేదు. క్యారేజీ తెచ్చి అతని ముందు బల్ల మీద పెట్టింది. ఆదిలక్ష్మమ్మ ఒకసారి కొడుకు వైపు, ఒకసారి కోడలి వైపు చూసి లోపలికి పోయింది.

గురునాథరావు సంచీ తీసుకుని చెప్పులేసుకున్నాడు. క్యారేజీ బల్ల మీదే వదిలేశాడు. రిపోర్టు గౌరీశ్వరి చేతిలోనే ఉండిపోయింది.

*

భీమశంకరరావు గది కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. రోజూ దాన్ని చూస్తూ కూర్చునే మనిషి దాని లెక్కనే ఇలా కోసెయ్యగలిగాడా అని గౌరీశ్వరికి ఒళ్ళు మండింది.

"కూర్చోమ్మా," అన్నాడాయన. ఆమె చేతిలో రిపోర్టు చూశాడు. చూడనట్టే ఉన్నాడు.

"నిలబడతాను సార్. ఏడో టేబుల్లో రెండు కాలమ్‌లు మీరు తీయించారా?"

"తీయించాను."

అంత తిన్నగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. దొంగతనం బయటపడ్డవాడు కాస్తైనా తడబడతాడు. ఆయన తడబడలేదు, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"చూడమ్మా గౌరీశ్వరీ, థీసిస్ వేరు, జనానికి చదివి వినిపించే రిపోర్టు వేరు. రెండు డిగ్రీలు, మూడు డిగ్రీలు అనేవి ఊహలు. ఊహలు చెప్పి పామరజనాన్ని బెదరగొట్టకూడదు."

"ఒక డిగ్రీ కూడా ఊహే కదా సార్. మూడూ ఒకే లెక్కలోంచి వచ్చాయి. ఒకే సూత్రం, ఒకే కొలతలు. ఒకటి నిజమై మిగతా రెండూ ఊహలు ఎలా అయ్యాయి?"

"ఒకటి ముందు వస్తుంది. అవి తరవాత వస్తాయి. వస్తే."

"ఆ ఇళ్ళు ఎన్నేళ్ళు ఉండాలని కడుతున్నారు?"

ఆయన కొంచెం ఆగాడు. "అరవై ఏళ్ళు అని ప్లానులో ఉంది."

"ఇప్పుడు పంతొమ్మిది వందల ఎనభై ఆరు. అరవై ఏళ్ళ దాకా వేడి ఒక డిగ్రీ దగ్గరే ఆగి ఉంటుందని మీకు ఎవరు రాసిచ్చారు సార్?"

"ఎవరూ రాసివ్వరు. అందుకే తక్కువ పట్టుకోమన్నాను. శాస్త్రజ్ఞుడికి జాగ్రత్త ఉండాలి."

"తక్కువ పట్టుకోవడం ఎవరికి జాగ్రత్త? ఇళ్ళు కట్టేవాళ్ళకా, ఉండేవాళ్ళకా?"

ఆయన గొంతు మారింది. కోపం రాలేదు, మెత్తబడింది. ఆ మెత్తదనం ఆమెకు తెలుసు. సెమినార్లలో ఎవరినైనా నలుగురిలో తీసిపారేసే ముందు ఆయన అలాగే మాట్లాడతాడు.

"నువ్వు వచ్చే నెల థీసిస్ ఇస్తున్నావు. అందులో మూడు కాలమ్‌లూ ఉంచుకో. నేను అడ్డు చెప్పను. సంతకం పెడతాను. ఇంకేం కావాలి?"

"అది ఇంగ్లీషులో ఉంటుంది సార్. లైబ్రరీ బీరువాలో ఉంటుంది. పేటలో ఒక్కరు కూడా చదవరు."

"అదేనమ్మా నేను చెప్పేది," అన్నాడు భీమశంకరరావు, శిష్యురాలు ఇన్నాళ్ళకు దారికి వచ్చినందుకు సంతోషించినట్టు. "నిజం చెప్పాల్సిన చోట చెబుతున్నాం. ఎవరికీ ఇబ్బంది లేని చోట చెబుతున్నాం. సాయంత్రం మీటింగుకి నువ్వు రానక్కర్లేదు. నేను చదువుతాను. మీ ఆయన మినిట్స్ రాసుకుంటాడు. మంచి కుర్రాడు. అతని సంగతి కూడా నేను చూస్తున్నాను."

గౌరీశ్వరి వరండాలోకి వచ్చాక గానీ తన చేతిలో రిపోర్టు చుట్టుకుపోయి, నలిగిపోయి ఉందని గమనించలేదు. తనకు అన్యాయం జరిగితే ఏడుపు వచ్చేది. ఇది అంతకు మించినది. నాలుగేళ్ళ పాటు ఆయన్ని తండ్రిలా చూసినందుకు తనమీదే తనకు అసహ్యం వేసింది. సంతకం పెడతానన్నాడట! నిజాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకో, దానికి నా సంతకం ఉచితం అన్నాడు. ఇంతకన్నా పచ్చి అవమానం ఇంకొకటి ఉంటుందా?

ఆమె ఇంటికి వెళ్ళలేదు. హార్బర్ బస్సు ఎక్కింది.

*

హార్బర్‌లో చేపల వేలంపాట తెల్లవారకముందు మొదలై పొద్దెక్కకముందే అయిపోతుంది కనుక, సాయంత్రం నాలుగింటికి వేలం షెడ్డు ఖాళీగా ఉంటుంది. ఈ రోజు కడిగి కుర్చీలు వేశారు. ఎంత కడిగినా చేపల వాసన చేపల వాసనే. సంఘం ఆఫీసర్లు ఇద్దరు ముక్కు దగ్గర జేబురుమాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ పక్కన భీమశంకరరావు. బల్ల చివర నోటుబుక్కుతో గురునాథరావు. బల్ల మీద కాపీల కట్ట, పరిచిన అంగీకార పత్రాలు, ఇంకు ప్యాడ్.

ఎదురుగా నేల మీద పేట జనం వందమందికి పైగా ఉన్నారు. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు. ఆడవాళ్ళకు ముందు పోతమ్మ. బుట్టతో చేపలమ్ముతూ ఆవిడ తిరగని వీధి విశాఖపట్నంలో లేదు. పేటలో ఏ మంచికైనా చెడుకైనా ముందు ఆవిడ మాట పడాలి. వెనకటి తుఫానుకు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పల్లం వెంట నడిచి చూపించిందీ, 'సదువుకున్న పిల్ల, మన్ని అడిగి రాత్తంది' అని పేటంతా చెప్పిందీ ఆవిడే.

గౌరీశ్వరి వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. గురునాథరావు తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు.

భీమశంకరరావు లేచాడు. రిపోర్టు ఎత్తి అట్ట చూపించాడు.

"ఇది మీకు తెలిసిన అమ్మాయి రాసింది. మీలో చాలామంది ఆవిడతో మాట్లాడారు. నాలుగేళ్ళు కష్టపడింది. ఈవిడ తేల్చిన ముక్క ఒక్కటి చెబుతాను. రాబోయే కాలంలో ఒక డిగ్రీ వేడి పెరుగుతుంది. ఒకే ఒక డిగ్రీ. మీ ఇళ్ళలో జ్వరం వస్తే డాక్టరు ఏం చూస్తాడు? తొంభై ఎనిమిదిన్నర ఉండాలి. ఒక డిగ్రీ పెరిగితే తొంభై తొమ్మిదిన్నర. తొంభై తొమ్మిదిన్నరకి ఎవరైనా వేట మానుకుంటారా?"

మగవాళ్ళ వైపు నుంచి నవ్వు వినిపించింది.

పోతమ్మ గౌరీశ్వరి మోకాలి మీద తట్టింది. "ఇంతేనేటమ్మా? దీనికేనా నువ్వు అంత బెంగెట్టుకుని తిరిగేవు? తొంభై తొమ్మిదికి నాను బుట్టెత్తుకుని మారికవలస దాకా పోయేదాన్ని."

గౌరీశ్వరి చటుక్కున ఆవిడ వైపు తిరిగింది.

నాలుగేళ్ళు. నాలుగేళ్ళుగా ఈ పేటలో గుమ్మం గుమ్మానికీ తిరిగి 'ఒక డిగ్రీ, రెండు డిగ్రీలు, మూడు డిగ్రీలు' అని చెప్పింది. వాళ్ళు తలలూపి నవ్వి పంపేవారు. ఎందుకు నవ్వుతున్నారో ఒక్కనాడూ అడగలేదు. తన డిగ్రీ సెంటీగ్రేడు. వాళ్ళకు తెలిసిన డిగ్రీ ఆసుపత్రిలో జ్వరం చూసే గాజుగొట్టం మీది ఫారన్‌హీటు. చదువుకున్న తనకు ఆ సంగతి తట్టలేదు. తనకు తట్టలేదు సరే, ఆయనకు? ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషికి ఒక డిగ్రీకీ ఇంకో డిగ్రీకీ తేడా తెలియదా? తెలిసే చెప్పాడు. నవ్వుతారని తెలిసే చెప్పాడు.

ఆమె లేచి నిలబడింది.

"ఆ డిగ్రీ వేరు, ఈ డిగ్రీ వేరు."

"గౌరీశ్వరీ, కూర్చోమ్మా. చివర్లో ప్రశ్నలకు సమయం ఇస్తాం."

"తప్పు నాది," అంది ఆమె జనంతో. ఆయన వైపు చూడలేదు. "నాలుగేళ్ళూ మీకు తప్పు సెప్పేను. నాను కొలిసే గొట్టం వేరు, జొరం సూసే గొట్టం వేరు. నా గొట్టంలో ఒకటి పెరిగితే మీ గొట్టంలో రెండుకి కాస్త తక్కువ పెరుగుద్ది. జొరం లెక్కలో సెప్పమంటే సెప్తాను. ఒక డిగ్రీ అంటే నూటికి పైన. రెండు డిగ్రీలంటే నూట రెండు. మూడు డిగ్రీలంటే నూట నాలుగుకి కాస్త తక్కువ."

నవ్వు ఆగిపోయింది. పోతమ్మ తల పైకెత్తింది.

"నూట నాలుగా?"

"అవును, పోతమ్మా."

"నూట మూడుకి నా కూతురు గుంట మాట్నాడ్డం మానేసింది," అంది పోతమ్మ. ఎవరితోనూ అన్నట్టు లేదు. "తెల్లారి పెద్దాసుపత్రికి ఎత్తుకెల్లేం. నూట నాలుగున్నాది అన్నారు. ఆ మజ్జేన్నం పోయింది."

ఆడవాళ్ళలో ఒకావిడ ఒళ్ళోని పిల్లని దగ్గరికి లాక్కుంది.

"మరి ఆ రెండోదీ మూడోదీ ఈ బాబు సదవలేదేటి?" అంది పోతమ్మ బల్ల వైపు చూసి.

"రిపోర్టులో లేవు కనుక చదవలేదు," అన్నాడు భీమశంకరరావు. ఆయన గొంతు మళ్ళీ మెత్తబడింది. "గౌరీశ్వరి ఆవేశపడుతోంది. ఆ కాలమ్‌లు ఎక్కడున్నాయో చూపించమనండి. ఇదిగో రిపోర్టు."

"తీసేశారు! నేను రాసిన ప్రతిలో మూడూ ఉన్నాయి. ఆ ప్రతి మీ దగ్గరే ఉంది సార్. రఫ్ కాగితాలు నా దగ్గరున్నాయి."

"రఫ్ కాగితాలు ఎవరైనా, ఎప్పుడైనా రాసుకోవచ్చు."

"అయితే స్టెన్సిల్ కొట్టిన మనిషిని అడగండి. ఇక్కడే ఉన్నాడు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అది ఎవరి మీద పడిందో ఆమెకు తోచలేదు. షెడ్డులో ఉన్న వందమందీ బల్ల చివరికి తిరిగారు. ఆ స్టెనో ఈవిడ మొగుడని పేటలో అందరికీ తెలుసు.

"చెప్పవయ్యా గురునాథరావ్," అన్నాడు భీమశంకరరావు నెమ్మదిగా. "నీకు ఇచ్చిన చేతిరాత ప్రతిలో ఏడో టేబుల్‌కి ఎన్ని కాలమ్‌లున్నాయి?"

గురునాథరావు లేచాడు. నోటుబుక్కు మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. గౌరీశ్వరి అతని ముఖంలోకే చూస్తోంది. చిన్నప్పుడు తాతగారింట్లో జామకాయ దొంగతనం తన మీద వేసుకుని ఆమె బదులు దెబ్బలు తిన్న బావ అతను. ఇతను అబద్ధం ఆడలేడు. ఆడలేడు.

"ఒకటేనండి," అన్నాడు గురునాథరావు.

"గట్టిగా."

"ఒకటే ఉందండి."

సంఘం ఆఫీసరు ఒకడు జేబురుమాలు ముక్కు మీదనుంచి తీసి చిరునవ్వు నవ్వాడు. "ఇక మొదలుపెడదాం. ముందు పెద్దావిడ రావాలి," అని ఇంకు ప్యాడ్ ముందుకు జరిపాడు.

పోతమ్మ లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. ప్యాడ్ చూసింది. అంగీకార పత్రం చూసింది. రిపోర్టు కాపీ ఒకటి చేతిలోకి తీసుకుని తలకిందులుగా పట్టుకుని చూసి, వెనక్కి తిరిగింది.

"అమ్మా గౌరీశ్వరీ, ఇలాగ రా. నీ పేరు దీని మీదున్నాదా, నేదా?"

"ఉంది."

"ఎక్కడ?"

గౌరీశ్వరి అట్ట మీద వేలు పెట్టి చూపించింది.

"నీ మొగుడు ఒకటంతన్నాడు. నువ్వు మూడంతన్నావు. నాకు సదువు నేదు, నాకేటి తెల్సు ఎవురిది నిజమో? మేం ఇక్కడికొచ్చింది ఈ బాబుల్ని సూసి కాదు, నీ పేరు సూసి. నీ పేరు దీని మీదుంటే ఇది నీ మాటే. నాను ఏలు ఎట్టేత్తాను, మా పేటోళ్ళూ ఎట్టేత్తారు. నీ మాట కాదంతే నీ పేరు తీసీ. అప్పుడు ఎట్టను."

గౌరీశ్వరి బల్ల వైపు తిరిగింది. "పెన్ను ఇవ్వండి."

"ఆలోచించుకో," అన్నాడు భీమశంకరరావు. మెత్తదనం పోయింది. "ఆ అట్ట మీద నీ పేరు కొట్టేస్తే, వచ్చే నెల నీ థీసిస్ మీద నా పేరు ఉండదు. నాలుగేళ్ళు ఉత్తినే పోతాయి. ఈ ఊళ్ళో ఇంకే గైడూ నిన్ను తీసుకోడు. నేను తీసుకోనివ్వను."

వందమంది ముందు అన్నాడు ఆ మాట. అనడానికి సిగ్గుపడలేదు.

"బావా, పెన్నియ్యి," అంది గౌరీశ్వరి.

గురునాథరావు చేతిలో పెన్ను ఉంది. మూత తీసే ఉంది. అతను ఆమె చెయ్యి చూశాడు. భీమశంకరరావు ముఖం చూశాడు. పెన్నుకు మూత పెట్టి జేబుకు తగిలించుకున్నాడు.

షెడ్డు బయట ఎవరో బోటు ఇంజను తిప్పి ఆపారు.

గౌరీశ్వరి చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అదే చేత్తో ఇంకు ప్యాడ్ తనవైపు లాక్కుంది. ఎం.ఎస్సీ. పాసైన మనిషి, సంతకమే తప్ప వేలిముద్ర ఎరగని తన బొటనవేలిని ఆ ప్యాడ్‌లో దిగేలా నొక్కింది. పోతమ్మ చేతిలో ఉన్న కాపీ అట్ట మీద తన పేరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఆ వేలితో పులిమింది. 'శ్రీమతి' పోయింది. 'గౌరీశ్వరి' పోయింది. 'ఎం.ఎస్సీ.' కూడా పోయింది.

"ఇది నా మాట కాదు," అంది.

పోతమ్మ ఆ నల్లటి మరకని వేలితో తాకి చూసింది. "అయితే నాను ఎట్టను," అని కాపీ బల్ల మీద పడేసి, వెళ్ళి తన చోట కూర్చుంది. వెనక ఆడవాళ్ళు ఒక్కరూ లేవలేదు. మగవాళ్ళ వైపు గుసగుసలు మొదలయ్యాయి. లేవబోయిన ఇద్దరు ముగ్గురు మళ్ళీ కూర్చున్నారు.

గౌరీశ్వరి కట్టలోంచి రెండో కాపీ తీసింది. దాని మీద పేరు పులిమింది. మూడోది తీసింది.

"గురునాథరావ్!" భీమశంకరరావు గొంతు షెడ్డు రేకులకు తగిలింది. "ఆ కట్ట ఆవిడ దగ్గర్నుంచి లాక్కో. ఇప్పుడే!"

గురునాథరావు కుర్చీ వెనక్కి నెట్టి వచ్చాడు. ఆమె ఎదురుగా నిలబడి చెయ్యి చాపాడు. గౌరీశ్వరి కట్టను గుండెలకు అదుముకుంది. ఆమె రవిక మీద, మెడ మీద నల్లటి ఇంకు అంటుకుంది.

"ఇచ్చీ, గౌరీ," అన్నాడు, ఆమెకు మాత్రమే వినిపించేలా.

"ఎవరికి?" అంది గౌరీశ్వరి. "ఆయనకా, నీకా?"

అతను ఒక్కసారి బల్ల వైపు తిరిగి చూశాడు. చాపిన చెయ్యి మాత్రం దించలేదు.